కువైట్‌లో చాయ్ అడగడం: మాట మూడు ముక్కలే, సిద్ధపడాల్సింది ఎదురు ప్రశ్నలకి

చెల్లెమ్మా, మీరు రాసింది చదివాను. మీది రాజమండ్రి. కువైట్‌లో నర్సు ఉద్యోగం ఖాయమైంది, వచ్చే నెల ప్రయాణం. కొన్ని నెలలుగా ఫోన్‌లో యాప్ పెట్టుకుని అరబిక్ నేర్చుకుంటున్నారు. సెలవు మీద వచ్చిన బంధువు ఎదుట "ఉరీదు ఫిన్‌జానన్ మినష్షాయ్" అని అప్పజెప్తే, ఆయన నవ్వి "అక్కడ అలా ఎవరూ అడగరమ్మా, 'అనా యబీ చాయ్' అను, చాలు" అన్నారు. ఇద్దరిలో ఎవరిది సరైనది, కనీసం టీ కాఫీలైనా సరిగ్గా అడగాలంటే ఏం నేర్చుకోవాలి అని మీ టెన్షన్. నేను కువైట్‌లో ఒక క్లినిక్ రిసెప్షన్‌లో ఏళ్ల తరబడి పనిచేశాను. అరబిక్ అక్కడే, మనుషుల మధ్యే వచ్చింది. కొత్తగా వచ్చే మన అమ్మాయిలకు ఇప్పటికీ నేర్పుతున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ యాప్ చెప్పింది తప్పు కాదు. అది ఫుస్‌హా అనే ప్రామాణిక అరబిక్. వార్తల్లో, పత్రికల్లో, ఆఫీసు కాగితాల్లో, శుక్రవారం ప్రసంగంలో ఆ భాషే ఉంటుంది. మీరు ఆ వాక్యం చెప్తే ఏ అరబ్బుకైనా అర్థమవుతుంది. కానీ టీ కొట్టు దగ్గర అది, మన బస్టాండులో నిలబడి "నాకొక పాత్ర తేనీరు కావలయును" అన్నట్టు ఉంటుంది. ఇంట్లో, బజారులో, ఆసుపత్రి వార్డులో ఎవరూ ఆ భాష మాట్లాడరు.

ఇక మీ బంధువు చెప్పింది. గల్ఫ్‌లో మనవాళ్లు, బంగ్లాదేశీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు, అరబ్బులు ఒకరితో ఒకరు పని నడిపించుకోవడానికి పుట్టిన భాష అది. భాషాశాస్త్రంలో గల్ఫ్ పిడ్జిన్ అరబిక్ అంటారు. "అనా యబీ చాయ్", "చాయ్ ఫీ?" (టీ ఉందా?), "షకర్ మాఫీ" (పంచదార లేదు). కడప, రాజంపేట వైపు కువైట్ చూసొచ్చిన ఏ ఇంట్లోనైనా ఈ 'మాఫీ' వినపడుతుంది. దాన్ని నేను చిన్నచూపు చూడను. అక్షరం ముక్క రాకుండా విమానం ఎక్కిన లక్షల మంది దానితోనే బతుకులు నిలబెట్టుకున్నారు. కానీ మీకు మాత్రం వద్దంటాను. 'యబీ' అంటే 'అతనికి కావాలి' అని. 'అనా యబీ' అంటే 'నేను, అతనికి కావాలి' అన్నట్టవుతుంది. వాళ్లకి అర్థమవుతుంది, అది కాదు ఇబ్బంది. మీరు ఒకసారి అలా మొదలుపెడితే వాళ్లూ మీతో అలాగే ముక్కలు ముక్కలుగా మాట్లాడతారు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే అసలు భాష మీ చెవిన పడే అవకాశమే పోతుంది. ఏళ్ల తరబడి కువైట్‌లో ఉండి కూడా చాలామంది అక్కడే ఆగిపోవడానికి కారణం ఇదే. పైగా మీరు నర్సు. రేపు ఒక పెద్దావిడ తన నొప్పి ఎక్కడో మీకు చెప్పుకోవాలి.

సరైన మాట ఈ రెండిటికన్నా చిన్నది:

అబీ చాయ్, లౌ సమహ్త్.

'అబీ' అంటే నాకు కావాలి. ఆడవాళ్లు చెప్పినా మగవాళ్లు చెప్పినా ఒకటే. 'లౌ సమహ్త్' అంటే దయచేసి. ఎదుట ఉన్నది ఆడమనిషి అయితే 'లౌ సమహ్తి' అనాలి. కువైట్‌లో టీ అంటే మన 'చ'తో చాయ్. సౌదీలో షాహీ, ఈజిప్టులో షాయ్. కువైటీలు హ్యాపీగా 'చ' పలుకుతారు, ఈజిప్టు లాంటి చోట్ల అరబ్బులకి ఆ అక్షరం మామూలుగా ఉండదు. చమురుకు ముందు వాళ్ల ఓడలు బొంబాయికి, మలబారు తీరానికి వచ్చిపోయేవి. 1961లో దినార్ వచ్చేదాకా అక్కడి బజారులో నడిచింది రూపాయే. డబ్బుల్ని కువైటీలు ఇప్పటికీ 'బేజాత్' అంటారు, మన పైసా నుంచి వెళ్లిన మాట. అందుకే వాళ్ల వాడుకలో మనకు తెలిసిన ముక్కలు చాలా తగులుతాయి. పంచదారకి కూడా 'షకర్' అనే ఎక్కువ వినపడుతుంది.

ఉందా అని అడగాలంటే 'అకూ చాయ్?'. లేదంటే 'మాకూ'. 'ఫీ, మాఫీ' అన్నా పని జరుగుతుంది కానీ కువైటీల నోట వచ్చేది అకూ, మాకూ.

ఇంతవరకు ఒక్క పూటలో వచ్చేస్తుంది. అసలు పని ఇక్కడి నుంచే మొదలు. మీరు అడగగానే అవతలి మనిషి ఊరుకోడు, తిరిగి ప్రశ్న వేస్తాడు. యాప్‌తో నేర్చుకున్నవాళ్లు తడబడేది అక్కడే. అడగడం బట్టీ పట్టారు, ఎదురు ప్రశ్న వినలేదు. ఆ ప్రశ్న వేగంగా, అంతా కలిసిపోయి వస్తుంది. అర్థం కాక తెల్లమొహం వేయగానే అతను హిందీలోకో ఇంగ్లిష్‌లోకో మారిపోతాడు. అంతటితో మీ అరబిక్ పాఠం ముగిసినట్టే. కాబట్టి చెప్పే మాట కన్నా వినే మాటల్ని ముందు నేర్చుకోమంటాను. మామూలుగా సంభాషణ ఇలా నడుస్తుంది:

— ష్తబీన్? (ఏం కావాలి? మీరు ఆడవారు కాబట్టి 'తబీన్', మగవాళ్లనైతే 'ష్తబీ?')
— అబీ చాయ్, లౌ సమహ్త్.
— అహ్మర్ వల్లా హలీబ్? (డికాక్షనా, పాలతోనా?)
— హలీబ్.
— షకర్? (పంచదార?)
— ష్వయ్. (కొంచెం)
— సఫరీ? (పట్టుకెళ్లడానికా?)
— ఈ, సఫరీ. (అవును)
— తఫద్దలి. (ఇదుగో, తీసుకోండి)
— తిస్లమ్. (మీరు చల్లగా ఉండాలి)

చూడండి, మీరు పలికినవి గుప్పెడు మాటలు. కానీ అతని ప్రతి మాటా మీ చెవికి ముందే పరిచయం అయి ఉండాలి. 'వల్లా' దగ్గర జాగ్రత్త. ఇక్కడ దాని అర్థం 'లేక'. ఒట్టు వేసే 'వల్లాహ్' కూడా దాదాపు అలాగే వినపడుతుంది. రెండు పదార్థాల పేర్ల మధ్యలో వచ్చిందంటే అది 'లేక'. 'అహ్మర్' అంటే ఎరుపు. మనం బ్లాక్ టీ అనే దాన్ని గల్ఫ్‌లో ఎర్ర చాయ్ అంటారు, గాజు గ్లాసులో పోసినప్పుడు కనిపించే రంగును బట్టి. మన హైదరాబాద్ వాళ్లు, మలయాళీలు సులేమానీ అనేది దీన్నే.

పంచదార దగ్గర నాలుగు మాటలు సరిపోతాయి. 'బిదూన్ షకర్' అంటే అసలు వద్దు, 'ఖఫీఫ్' అంటే తేలిగ్గా, 'వసత్' అంటే మధ్యస్థం, 'జియాదా' అంటే ఎక్కువ. ఒక్కోసారి "చమ్ గఫ్షా?" అని అడుగుతారు, ఎన్ని చెంచాలు అని. 'గఫ్షా' అంటే చెంచా. ఒకటైతే 'గఫ్షా వహ్‌దా', రెండైతే 'గఫ్షతేన్'. ఈ 'చమ్' మీకు ధర అడగడానికీ పనికొస్తుంది: 'బ్‌చమ్?' ఎంత? జవాబుగా 'రుబ్అ' అంటే పావు దినార్, అంటే 250 ఫిల్స్. దినార్‌కి వెయ్యి ఫిల్స్. 'నుస్' అంటే అర. 'మియా' అంటే వంద ఫిల్స్. పైసలకి నూటికి అలవాటుపడిన మనకు వెయ్యి లెక్క మొదట్లో తికమకగా ఉంటుంది, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది.

మన చాయ్‌కి దగ్గరగా కావాలంటే 'కరక్' అడగండి. మన 'కడక్' చాయే అది. పాలు, యాలకులు వేసి చిక్కగా మరిగిస్తారు. గల్ఫ్ అంతటా పేరున్న పానీయం. చలికాలంలో 'హలీబ్ జంజబీల్' దొరుకుతుంది, అల్లం వేసిన వేడి పాలు. జలుబు చేసినప్పుడు ఒకసారి తాగి చూడండి. 'దార్సీన్' అంటే దాల్చిన చెక్క, దాన్ని మరిగించి చాయ్‌లా తాగుతారు. 'చాయ్ నఅనాఅ' పుదీనాతో, 'చాయ్ జఅఫరాన్' కుంకుమపువ్వుతో. ఊరికే వేడినీళ్లు కావాలంటే 'మాయ్ హార్'. నైట్ డ్యూటీలో ఫ్లాస్కు పట్టుకుని వెళ్లినప్పుడు ఎక్కువగా అవసరం పడేది ఈ మాటే.

కాఫీ విషయంలో ఒక హెచ్చరిక. మనకు కాఫీ అంటే పాలు, పంచదార, నురగ. అక్కడ 'గహ్వా' అని అడిగితే లేత పసుపురంగులో, యాలకుల ఘాటుతో, పాలూ పంచదారా లేని అరబ్బు కాఫీ రావచ్చు. లేదా అడుగున మడ్డి దిగే చిక్కటి టర్కిష్ కాఫీ రావచ్చు. పాలు కలిపిన ఇన్‌స్టంట్ కాఫీ కావాలంటే 'నెస్కఫే హలీబ్' అని చెప్పండి. కంపెనీ ఏదైనా అక్కడ వాడుకలో దాని పేరు అదే.

ఇప్పుడు మీ యాప్ గానీ మీ బంధువు గానీ చెప్పని సంగతి. కువైట్‌లో మీకు చాయ్ ఇచ్చే మనిషి కువైటీ కాకపోవచ్చు. అక్కడి విదేశీయుల్లో భారతీయుల తర్వాత పెద్ద సంఖ్య ఈజిప్టు వాళ్లది. ఆసుపత్రుల్లో, ఫార్మసీల్లో, కేఫ్‌లలో వాళ్లు ఎక్కువ. వాళ్ల వాడుక వేరు. మాట్లాడక్కర్లేదు గానీ, విని అర్థం చేసుకునేంత రావాలి. 

ఈజిప్టు యాసలో 'కావాలి' అనడానికి ఆడవాళ్లు 'ఆయ్‌జా', మగవాళ్లు 'ఆయిజ్' అంటారు. కువైట్ 'అబీ'లో లేని ఆడ మగ తేడా ఇక్కడ ఉంది. కాఫీని 'అహ్వా' అంటారు, 'గ' మాయమైపోతుంది. పంచదార 'సుక్కర్'. టీ చెప్పగానే వాళ్లు వేసే ప్రశ్న "సుక్కరిక్ ఏ?", అంటే 'నీ పంచదార సంగతేంటి?' అని. దానికి 'మఅలఆ వహ్‌దా' అంటే ఒక చెంచా, 'మఅలఅతేన్' అంటే రెండు. మీరు చెప్పగానే 'హాదిర్' అంటారు, సరేనండీ అని. ఇంకాస్త ఆప్యాయంగా ఉంటే 'మిన్ ఇనయ్యా' అంటారు, 'నా కళ్ల మీద పెట్టుకుని చేస్తాను' అని. వాళ్ల నోట ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో మీరే వింటారు.

పాల దగ్గర పెద్ద మెలిక ఉంది. గల్ఫ్‌లో పాలు అంటే హలీబ్, 'లబన్' అంటే మజ్జిగ. ఈజిప్టులో 'లబన్' అంటేనే పాలు. ఈజిప్టు డాక్టరుగారు 'షాయ్ బి లబన్' అన్నారంటే పాల టీ అడుగుతున్నారు. అదే కువైటీ పేషెంటు లబన్ అడిగితే మజ్జిగ డబ్బా కావాలి. డైట్ చార్టు రాసేటప్పుడు కూడా ఈ తేడా మనసులో పెట్టుకోండి. ఎవరు అడిగారో చూసి అర్థం చేసుకోవాలి.

ఈజిప్టు కాఫీలో తీపికి వేరే పేర్లున్నాయి. ఆ కాఫీలో పంచదార ముందే వేసి కాస్తారు, తర్వాత కలపడం ఉండదు. కాబట్టి అడిగేటప్పుడే చెప్పాలి. 'సాదా' అంటే అసలు పంచదార లేనిది. 'అర్రీహా' అంటే వాసనకి చిటికెడు. 'మజ్బూత్' అంటే సరిపడా. 'జియాదా' అంటే బాగా తీపి. వాళ్లలో చావు ఇళ్లకి పరామర్శకి వెళ్లినప్పుడు ఇచ్చేది సాదా కాఫీ. తీపి పెట్టరు. ఇది తెలిసి ఉండటం మంచిది. సహోద్యోగి ఇంట్లో ఎవరైనా పోతే మీరూ వెళ్తారు.

వాళ్ల మెనూలో మనకు బాగా దగ్గరగా ఉండేవి రెండు. 'కర్కదే' అనే ఎర్రటి పానీయం వేడిగానూ ఇస్తారు, చల్లగానూ ఇస్తారు. అది ఎర్ర గోంగూర కాయల మీద ఉండే ఆ పుల్లటి తొడుగుల్ని ఎండబెట్టి మరిగించిందే. మనం ఆకు తింటాం, వాళ్లు తొడుగు తాగుతారు. రెండోది 'హిల్బా', మెంతుల కషాయం. మొదటి గుక్కలోనే అమ్మమ్మ గుర్తుకొస్తుంది.

లెక్క చెప్పేటప్పుడు ఒక సులువు ఉంది. అరబిక్‌లో రెండు వస్తువులకి ప్రత్యేక రూపం, మూడు నుంచి బహువచనం అని వ్యాకరణ పుస్తకాలు భయపెడతాయి. టీ కాఫీలు చెప్పేటప్పుడు అదేమీ వద్దు. అంకె చెప్పి, పేరును ఏకవచనంలోనే ఉంచేయాలి. కువైట్‌లో 'థ్‌నేన్ చాయ్', ఈజిప్టు వాళ్లతో 'ఇత్‌నేన్ షాయ్', 'తలాతా అహ్వా'. మనం "రెండు టీ, మూడు కాఫీ" అంటామే, అచ్చం అలాగే.

సిరియా, లెబనాన్ వాళ్లు కూడా తగులుతారు. వాళ్లు 'బిద్దీ' అంటారు, నాకు కావాలి అని. కాఫీని 'అహ్వే' అంటారు. పంచదార లేకుండా 'బలా సుక్కర్'. ప్రస్తుతానికి ఈ మూడూ చాలు.

ఇక ఆసుపత్రిలో మీరు అడగకుండానే మీ చేతికి వచ్చే కాఫీ సంగతి. నాకు బాగా ఇష్టమైన విషయం ఇది, కాస్త ఆగి చెప్తాను. కువైటీ పెద్దవాళ్లు ఎవరైనా అడ్మిట్ అయితే చూడటానికి బంధువులు గుంపుగా వస్తారు. వస్తూ ఫ్లాస్కులో గహ్వా, డబ్బాలో ఖర్జూరాలు, పింగాణీ చిన్న గిన్నెలు తెచ్చుకుంటారు. ఆ చెవి లేని చిన్న గిన్నెను కువైట్‌లో 'ఫిన్యాల్' అంటారు. కాఫీ పోసే పొడుగు ముక్కు పాత్ర 'దల్లా'. దుబాయ్ ఒక దిర్హమ్ నాణెం ఎప్పుడైనా చూశారా? దాని మీద ఉన్న బొమ్మ ఇదే. పోసే మనిషి దల్లాను ఎడమ చేత్తో పట్టుకుని, ఫిన్యాల్‌ని కుడి చేత్తో ఇస్తుంది. మీరు కుడి చేత్తోనే అందుకోవాలి. అడుగున కొద్దిగానే పోస్తారు, రెండు మూడు గుక్కలు. పిసినారితనం అనుకోకండి. మన ఇళ్లలో గ్లాసు నిండా పోస్తేనే మర్యాద. అక్కడ ఈ కాఫీని నిండా పోస్తే 'తాగి బయల్దేరండి' అన్నట్టు లెక్క. తక్కువ పోసి మళ్లీ మళ్లీ పోయడమే వాళ్ల ఆదరణ.

మీరు ఖాళీ ఫిన్యాల్ ముందుకు చాపితే మళ్లీ పోస్తూనే ఉంటారు. చాలు అనాలంటే గిన్నెను రెండు వేళ్ల మధ్య పట్టుకుని అటూ ఇటూ చిన్నగా ఊపి ఇచ్చేయాలి. నోటితో 'బస్' అన్నా సరే, కానీ ఆ ఊపు చూసిన పెద్దావిడ మొహంలో వచ్చే సంతోషం వేరు. 'ఈ పిల్లకి మన పద్ధతి తెలుసు' అని పక్కనున్నవాళ్లకి చెప్పుకుంటుంది. అరబ్ కాఫీ సంప్రదాయాన్ని 2015లో యూఏఈ, సౌదీ, ఒమన్, ఖతార్ కలిసి యునెస్కో జాబితాలో చేర్పించాయి. కువైట్ పేరు అందులో లేకపోయినా ఇళ్లలో నడిచే మర్యాద ఇదే.

డ్యూటీలో ఉన్నప్పుడు తాగడానికి మీ వార్డు నియమాలు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ఊరికే 'లా' అని తల అడ్డంగా ఊపొద్దు, ముఖం మీద కొట్టినట్టుంటుంది. 'మష్కూరా, ఇందీ షుగుల్, బఅదేన్ ఇన్‌షాల్లా' అనండి. థాంక్స్ అమ్మా, పని ఉంది, తర్వాత తాగుతాను అని. ఇందులో 'మష్కూరా' దగ్గర చాలామంది పొరబడతారు. ఆడవాళ్లు చెప్పే మాట అనుకుంటారు. కాదు, అది ఎవరికి చెప్తున్నామో వాళ్లను బట్టి మారుతుంది. ఆవిడకి 'మష్కూరా', ఆవిడ కొడుక్కి 'మష్కూర్'. ఈజిప్టు వాళ్ల 'ముత్‌షక్కిరా' మాత్రం చెప్పేవాళ్లను బట్టి. మీరు ఎవరికి చెప్పినా 'ముత్‌షక్కిరా' అనే చెప్పాలి.

కువైటీలు మీతో మాట్లాడేటప్పుడు మాటల చివర 'చ్' వినపడుతుంది. 'ష్లోనిచ్?' అంటే ఎలా ఉన్నావమ్మా. మగవాళ్లనైతే 'ష్లోనిక్'. ఆ 'చ్' మీ కోసమే, ఆడమనిషిని ఉద్దేశించి అన్న గుర్తు. పని చేసి పెట్టినవాళ్లకి చెప్పే దీవెన కూడా అలాగే: మగవాళ్లకి 'యఅతీక్ అల్ ఆఫియా', ఆడవాళ్లకి 'యఅతీచ్ అల్ ఆఫియా', దేవుడు నీకు ఆరోగ్యం ఇవ్వాలి అని. కొట్టులో టీ పోసిన మనిషికి, వార్డు తుడిచే ఆయాకి, మీకు చార్జ్ అప్పగించి వెళ్లే నర్సుకి, ఎవరికైనా చెప్పవచ్చు. నాకు మొత్తం అరబిక్‌లో ఒక్క వాక్యం మాత్రమే నేర్పమంటే ఇదే నేర్పుతాను. ఎప్పుడైనా మొరాకో వాళ్లతో పనిపడితే మాత్రం అనకండి. వాళ్ల యాసలో ఆఫియా అంటే నిప్పు.

ఉచ్చారణ గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. తెలుగు మాతృభాష కావడం మీకు పెద్ద బలం. దీర్ఘం, హ్రస్వం, ద్విత్వం మనకు పుట్టుకతో వచ్చినవి. ఇంగ్లిష్ వాళ్లు వీటి దగ్గర నానా అవస్థలు పడతారు. 'హమామ్' అంటే పావురం, 'హమ్మామ్' అంటే స్నానాలగది. ఆ తేడా మీరు ఒక్కసారి వింటే పట్టేస్తారు. ఇబ్బంది వేరే చోట్ల ఉంది. మనం మాట చివర తెలియకుండానే 'ఉ' చేరుస్తాం: హలీబు, షకరు, షుక్రాను. అది వదిలించుకోవాలి, పెదాలు మాట చివర ఆగిపోవాలి. 'జియాదా', 'జంజబీల్' మొదట్లో ఉన్న 'జ' మన 'జీలకర్ర'లోది కాదు, 'జడ', 'జొన్న'లో పలికే దంత్య 'జ'కి దగ్గర, నాలుక పళ్లకి ఆనకుండా గాలి జారాలి. 'హలీబ్', 'సమహ్త్'లోని 'హ' మామూలు 'హ' కాదు. కళ్లద్దాలు తుడుచుకునే ముందు గొంతు లోపలి నుంచి వేడి గాలి వదులుతామే, ఆ 'హ'. 'నఅనాఅ'లో వచ్చే శబ్దానికి తెలుగులో అక్షరమే లేదు. గొంతును లోపల కాస్త బిగించి 'అ' అనాలి. అది రాకపోయినా చాయ్ వస్తుంది, దాని కోసం ఆగిపోవద్దు. కానీ 'ఉ' మాత్రం ఈ వారంలోనే మానేయండి.

ఇంకో వాస్తవం. మీరు ఉండబోయేది ఫర్వానియాలోనో, మంగఫ్‌లోనో, ఫహాహీల్‌లోనో అయితే కింద టీ కొట్టు మలయాళీదో బంగ్లాదేశీదో అయ్యే అవకాశం ఎక్కువ. అక్కడ అరబిక్ అభ్యాసం జరగదు, అతను మీ మొహం చూడగానే హిందీలో మొదలుపెడతాడు. అతనితో పట్టుబట్టి లాభం లేదు. మీ బడి మీ ఆసుపత్రే. బ్రేక్ రూమ్‌లో ఈజిప్టు నర్సు ఒకరుంటారు. వాళ్లు మిమ్మల్ని 'సిస్టర్' అని పిలుస్తారు, ఆ మాట అక్కడ అరబిక్‌లో కలిసిపోయింది. ఆవిడకి ముందే చెప్పి పెట్టండి: 'కల్లిమీనీ అరబీ, లౌ సమహ్తి', నాతో అరబిక్‌లో మాట్లాడండి అని. మగవాళ్లకైతే 'కల్లిమ్‌నీ'. ఇలా అడిగితే కాదనే అరబ్బును నేను చూడలేదు. అర్థం కానప్పుడు 'మా ఫ్‌హమ్త్', మళ్లీ చెప్పమనడానికి 'ఈదీ' (మగవాళ్లతో 'ఈద్'), నెమ్మదిగా అనడానికి 'ష్వయ్ ష్వయ్'. ఈ మూడూ నాలుక మీద ఉంటే సంభాషణ హిందీలోకి జారదు. సెలవు రోజున ముబారకియా బజారుకి వెళ్లండి. కువైట్ సిటీలో పాత సూక్ అది. ఆరుబయట బల్లలు వేసి నడుము సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసుల్లో చాయ్ ఇస్తారు, దాన్ని 'ఇస్తికానా' అంటారు. పక్క బల్లల దగ్గర కువైటీ కుటుంబాలు కూర్చుని ఉంటాయి. వాళ్లు ఎలా అడుగుతున్నారో చెవి పెట్టి వినడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

ప్రయాణం లోపు ఇంట్లో చేయాల్సింది ఒకటే. పైన రాసిన సంభాషణలో కొట్టువాడి మాటల్ని మీ ఇంట్లో ఎవరి చేతనైనా చదివించండి, వరస మార్చి, వేగంగా. ముందు పంచదార అడగమనండి, తర్వాత పట్టుకెళ్తారా అని, తర్వాత పాలు. మీరు కాగితం చూడకుండా జవాబివ్వాలి. రెండో రోజు మీ జవాబులు మార్చండి, ఇవాళ ఖఫీఫ్ అంటే రేపు బిదూన్. యాప్ పూర్తిగా మానేయనక్కర్లేదు. అక్షరాలు చదవడం దాంట్లో నేర్చుకోండి, బోర్డులు, మందుల డబ్బాల మీద రాతలకి ఆ ఫుస్‌హానే పనికొస్తుంది.

రంజాన్ గురించి కూడా చెప్పి ఆపుతాను. ఆ నెలలో ఉపవాస వేళల్లో బహిరంగంగా తినడం, తాగడం కువైట్‌లో చట్టరీత్యా నేరం, 1968 నుంచి ఆ చట్టం ఉంది. ఏ మతం వాళ్లకైనా వర్తిస్తుంది. బస్సులో మంచినీళ్ల సీసా ఎత్తినా ఇబ్బందే. ఆసుపత్రిలో ముస్లిమేతర సిబ్బంది ఎక్కడ కూర్చుని తాగాలో మీ వార్డు ఇన్‌చార్జిని నెల మొదలవక ముందే అడిగి తెలుసుకోండి. సాయంత్రం ఉపవాసం విడిచాక మాత్రం మీ డ్యూటీ ఉన్న ఏ గదిలోకి వెళ్లినా ఎవరో ఒకరు ఖర్జూరం, గహ్వా చేతిలో పెడతారు. అప్పుడు కుడి చెయ్యి చాపండి.